సీలకాంత్: గోదావరి శిలలకు బంధువైన చేప

(కాటన్‌పేట పాఠశాల విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాస పాఠం)



కాటన్‌పేట సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏ సముద్రమూ దీనికి చేరువ కాదు. అయినా నేటి ప్రసంగ విషయం కడలి లోతుల్లోని సీలకాంత్ అనే చేప. తెలుగు నేలతో దానికి పాత బాంధవ్యం ఉన్నది. ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా శిలాశ్రేణిలో, కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు లభించిన ఆ శిలల్లోనే, దాని బంధువొకటి శిలాజమై దొరికింది. 1974లో ఎస్. ఎల్. జైన్ దానికి ఇండోసీలకాంతస్ అని పేరు పెట్టారు. భారతదేశంలో బయటపడిన తొలి సీలకాంత్ శిలాజం అదే.

ఈ వంశం 6.6 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించిందని పండితులు నమ్మారు. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరాన ఒకటి వలలో పడింది. ఈస్ట్ లండన్ మ్యూజియం అధికారిణి మార్జొరీ కోర్టనే-లాటిమర్ దాని వింత రూపాన్ని గమనించి భద్రపరిచారు. ఆచార్య జె. ఎల్. బి. స్మిత్ ఆమె పేరు మీదనే లాటిమేరియా అని నామకరణం చేశారు. రెండవది 1952లో గాని కొమొరో దీవుల్లో దొరకలేదు. అక్కడి జాలరులకు మాత్రం అది కొత్త కాదు. తినడానికి రుచించని చేపగా ఎరిగినదే!

దీని దేహనిర్మాణం విచిత్రం. వెన్నుపూసల వరుసకు బదులు నూనెవంటి ద్రవం నిండిన గొట్టం ఉంటుంది. పుర్రె మధ్యలో కీలు ఉన్నందున నోరు బాగా తెరుచుకుంటుంది. మెదడు పుర్రెకుహరంలో నూటికి రెండు వంతులైనా ఆక్రమించదు; మిగిలినదంతా కొవ్వే. ఊపిరితిత్తి ఉన్నది గాని పనిచేయదు. కండగల రెక్కలు నాలుగుకాళ్ళ జంతువు నడకవలె ఒకదాని తరువాత ఒకటి కదులుతాయి. అయితే అది నేలమీద నడవదు. దానిని సజీవ శిలాజమనడం వాడుక. కాని లాటిమేరియా ఏ ప్రాచీన శిలలోనూ దొరకలేదు, కనుక ఆ మాట పూర్తిగా సరికాదు.

1987లో హాన్స్ ఫ్రికె చిన్న జలాంతర్గామిలో దిగి వీటిని సహజస్థితిలో తొలిసారి చూశారు. కొమొరో దీవుల అగ్నిపర్వతపు వాలుల్లో, 150 నుండి 250 మీటర్ల లోతున ఉన్న గుహల్లో ఇవి పగలు విశ్రమిస్తాయి. రాత్రి వేటకు మరింత లోతుకు పోతాయి. మొప్పల వైశాల్యం తక్కువ కావడంచేత చల్లని నీరే వీటికి అనుకూలం.

2021లో పొలుసులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు దీని ఆయుర్దాయం సుమారు 100 ఏళ్ళనీ, గర్భధారణ 5 ఏళ్ళనీ లెక్కకట్టారు. ఈ చేప గుడ్లను బయట విడువదు, పిల్లలనే కంటుంది. సొరచేపల కోసం లోతున పరిచే వలలే దీనికి నేటి గండం. 1991లో మొజాంబిక్ తీరాన వలలో చిక్కి చచ్చిన ఒక ఆడచేప కడుపులో, పుట్టడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు 26 కనిపించాయి.