మిగిలిన చోటు



ముందు ఆసక్తి కలుగవలెను, ఆపైన అభ్యాసమని మనమందుము. ఇందుకు భిన్నమైన కథ యొకటి మనవి చేయుదును.

2004లో చెన్నైలోని ఒక పాఠశాలలో పిల్లలు ఆటల నెన్నుకొనుచుండిరి. చదలవాడ భవానీదేవి వంతు వచ్చునప్పటికి తక్కిన ఆటలన్నియు నిండిపోయి, ఫెన్సింగు అను కత్తిసాములో మాత్రమే చోటు మిగిలియుండెను. ఆమె అందులోనే చేరెను. కత్తులు మిక్కిలి ఖరీదు. కనుక మొదట వెదురుకర్రలతోనే సాధన.

ఈ క్రీడలో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు ఆయుధములు. ఆమెది సేబర్. దీనితో మొననేగాక అంచునుగూడ తాకింపవచ్చును. నడుమునకు పైభాగమే గురి. రెప్పపాటులో పాయింటు తేలిపోవును.

2007లో తుర్కీలో, తొలి అంతర్జాతీయ పోటీకి మూడు నిమిషములు ఆలస్యముగా వచ్చినందున ఆమెను తొలగించిరి. అయినను ఆమె కత్తి దింపలేదు. 2021లో టోక్యో ఒలింపిక్సున ఈ క్రీడలో పాల్గొన్న ప్రథమ భారతీయురాలయ్యెను. అక్కడ తొలి పోటీని 15–3తో గెలిచి, రెండవదానిని 7–15తో ఓడెను. 2023లో ఆసియా పోటీలలో కాంస్యపతకము గెలుచుకొనెను.

మనము బదిలీల ఉద్యోగులము. నడిసంవత్సరమున క్రొత్త ఊరి బడిలో చేరు మన పిల్లలకు తరచు మిగిలిన చోటే దక్కును. మా అమ్మాయికి అట్లు దక్కిననాడు నేను బడికి పోయి వాదించితిని. ఒక్క యేడు ఓపిక పట్టుమని అమ్మాయికి చెప్పియుండవలసినదని ఇప్పుడు తోచుచున్నది. ఆసక్తి కొందరికి వాకిటనే ఎదురువచ్చును. కొందరికి లోపల అడుగిడిన పిదపగాని కనబడదు.