కడలిపై నిర్బంధము - దాని హద్దులు

అరసవల్లి సూర్యనారాయణస్వామి కోవెలకు తూర్పుగా, కడలి యొడ్డుననున్న పల్లెల మత్స్యకారులు పలువురు, తమ తీరమున తగిన రేవులు లేనందున, ఏటేటా గుజరాతులోని వేరావల్ రేవునకు వలసపోయి, పరుల మరబోట్లపై కూలికి వేటాడుచుందురు. 2018 నవంబరులో అట్లు వేటకేగినవారిని, తమ జలములలో ప్రవేశించిరని పాకిస్తాను సముద్ర భద్రతాధికారులు పట్టుకొని కరాచీ కారాగారమున నుంచగా, వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దున విడుదలైరి.

ఇట్లు నిర్బంధించు అధికారమునకు శాసనము హద్దులు విధించినది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక 73వ అధికరణము ననుసరించి, తీరదేశమునకు వేటహక్కు గల కడలిమేరయగు ప్రత్యేక ఆర్థిక మండలమున జరిగిన చేపలవేట నేరమునకు, దేశముల నడుమ వేరొక ఒప్పందము లేనిచో, చెరసాల శిక్ష విధింపరాదు. తగిన పూచీ నిచ్చినచో నావను, నావికులను సత్వరము విడువవలెను. 2008లో భారత పాకిస్తానులు చేసికొన్న ఒప్పందమును బట్టి, బందీల పట్టికలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకొనవలెను. మూడు నెలలలో బందీని మన దౌత్యాధికారులు కలిసికొన ననుమతింపవలెను. శిక్ష ముగిసి, జాతీయత నిర్ధారితమైన నెలలోగా స్వదేశమునకు పంపవలెను.

కావున బందీల ఇంటివారు ఆధార్ కార్డు, మత్స్యకార గుర్తింపు పత్రము నకళ్లతో కలెక్టరు కార్యాలయమునకు వెంటనే విన్నవించుకొనుట మేలు. జాతీయతా నిర్ధారణ ఆలస్యమైన కొలది విడుదలయు వెనుకబడును.