ఆపద వేళ ఆకాశవార్త



పరీక్ష నెగ్గి, లైసెన్సు పొంది, వినోదార్థము రేడియోలో దూరదేశీయులతో సంభాషించు వారిని హ్యాములందురు. హైదరాబాదున 1983లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున భారతీ ప్రసాద్ బృందము 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిరునకు పోయి రేడియో శిబిరము నెలకొల్పినది. దేశదేశముల హ్యాములను పలుకరించుటయే దాని ఉద్దేశ్యము. 26వ తేదీ ఉదయము భూమి కంపించినది. సునామీ దీవులపై విరుచుకుపడినది. టెలిఫోనులు మూగవోయినవి. తీగలతో, ఎక్స్ఛేంజితో పనిలేని యంత్రములు వారివి. వేడుక మాని, వానితోనే ద్వీపవాసుల క్షేమసమాచారములను బంధువులకు చేరవేసిరి. కొందరు కార్ నికోబారుకును వెళ్ళిరి.

ఒక్క క్షేమవార్త విలువ ఎంతటిదో, ఊరు విడిచి తాల్‌బగీచాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. తీరికలో నేర్చిన విద్య ఆపదలో అక్కరకు వచ్చినప్పుడే సార్థకము.