ఆమెను ఎవరూ అడగరు
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన దగ్గరికొచ్చే విడాకుల తగాదాల్లో "దానికి మతి స్థిమితం లేదు" అని భర్త చెబుతాడు, అత్త చెబుతుంది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో అందుకు దారీ ఉంది. ఆమెను మాత్రం ఎవరూ అడగరు. అందుకే జానెట్ ఫ్రేమ్‌ను చదవమంటున్నాను.

ఈ న్యూజిలాండ్ రచయిత్రిని స్కిజోఫ్రీనియా అని ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఉంచారు, కరెంటు షాకులిచ్చారు. మెదడుకు ఆపరేషన్ చెయ్యబోతుండగా ఆమె కథల పుస్తకానికి బహుమతి వచ్చింది. దాంతో ఆపరేషన్ ఆపేశారు. మరి బహుమతులు రాని ఆడవాళ్ల మాటేమిటి? తర్వాత లండన్ డాక్టర్లు అసలా జబ్బే లేదన్నారు. ఆత్మకథ 'యాన్ ఏంజిల్ ఎట్ మై టేబుల్' (1984) కన్నా ముందు నవల 'ఫేసెస్ ఇన్ ది వాటర్' (1961) చదవండి. అందులో వార్డులోని మిగతా స్త్రీలూ ఉన్నారు.

జబ్బు నిజంగానే ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో జెర్రీ పింటో నవల 'ఎమ్ అండ్ ది బిగ్ హూమ్' (2012) చెబుతుంది. బొంబాయిలో ఇరుకు ఫ్లాటు. తల్లి నవ్విస్తుంది, తిడుతుంది, చావబోతుంది. ఇంట్లోవాళ్లు అలసిపోతారు, అయినా ఆమెను వదిలించుకోవాలని చూడరు.