చందమామకీ సీరియల్ నవలకీ మధ్య



చందమామ 1947 జూలైలో ఈ చెన్నైలోనే పుట్టింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చలవ వల్ల తెలుగు పిల్లలకు పన్నెండేళ్లు వచ్చేదాకా చదువుకోడానికి లోటు లేకపోయింది. ఆ తర్వాతో? మన ఆడపిల్లలు భేతాళుణ్ణి చెట్టు మీదే వదిలేసి నేరుగా యద్దనపూడి సులోచనారాణి గారి సీరియల్ నవలా నాయకుడు రాజశేఖరం దగ్గరికి వెళ్లిపోయారు. మగపిల్లలు డిటెక్టివ్ నవలల్లో పడ్డారు. తప్పనను, నేనూ ఆ బాపతే. కానీ పద్నాలుగేళ్ల మనసులో ఏం జరుగుతుందో ఆ వయసువాళ్లకే చెప్పే నవల మనకు అరుదు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారాలు మొదలుపెట్టినప్పుడు తెలుగులో మొదటిది కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’ నవలకు వచ్చింది. సంతోషమే. అలాంటి నవలల వరస మాత్రం పెరగలేదు.

ఈ ఊళ్లో పుట్టిన పద్మా వెంకట్రామన్ సరిగ్గా ఆ వయసువాళ్ల కోసమే ఇంగ్లీషులో నవలలు రాస్తున్నారు. ఆవిడ చదువుకున్నది సముద్ర శాస్త్రం. అమెరికాలో డాక్టరేటు చేసి, పరిశోధన నౌకల మీద పనిచేసి, రోడ్ ఐలండ్‌లో స్థిరపడ్డారు. ఉంటున్నది అక్కడే అయినా కథల కోసం మళ్లీమళ్లీ వచ్చేది మాత్రం మన దగ్గరికే.

2008లో వచ్చిన తొలి నవల ‘క్లైంబింగ్ ద స్టెయిర్స్’లో కాలం 1941. బొంబాయిలో స్వాతంత్ర్యోద్యమ ఊరేగింపులో తండ్రి పోలీసుల దెబ్బలకు మతి పోగొట్టుకుంటాడు. పదిహేనేళ్ల విద్య మద్రాసులో తాతగారి ఉమ్మడి ఇంటికి చేరుతుంది. ఆ ఇంట్లో కింద ఆడవాళ్లు, మేడ మీద మగవాళ్లు. పుస్తకాలన్నీ మేడ మీదే. వంటింటి చాకిరీ అయ్యాక, పైకి వెళ్లి చదువుకోనిమ్మని ఆ పిల్ల తాతగారిని అడుగుతుంది. మెట్లెక్కడం కూడా తిరుగుబాటేనని ఉపన్యాసం దంచకుండా చెప్పారు. ఇంకో పక్క అన్న బ్రిటిష్ సైన్యంలో చేరతానంటాడు. తండ్రిని ఆ గతి పట్టించిన ప్రభుత్వం తరఫున! హిట్లర్ని ఆపాలా, తెల్లవాణ్ణి పంపాలా అన్న తర్కం ఆ ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా తెగదు. పిల్లలకని రాస్తూ ఇంత చిక్కుముడిని విప్పకుండా వదిలేసే ధైర్యం నాకు నచ్చింది.

2011 నాటి ‘ఐలండ్స్ ఎండ్’ అండమాన్ గిరిజన బాలిక గొంతుతో సాగుతుంది. బయటివాళ్లు ఆ గొంతు అరువు తెచ్చుకోవచ్చా అన్న సందేహం నాకింకా తీరలేదు.

2014లో వచ్చిన ‘ఎ టైమ్ టు డాన్స్’ పేరెత్తగానే మీకు ‘మయూరి’ సినిమా, సుధాచంద్రన్ గుర్తొస్తారు. ఇందులోనూ చెన్నైలో భరతనాట్యం నేర్చుకునే అమ్మాయి ప్రమాదంలో కాలు పోగొట్టుకుంటుంది. కృత్రిమ కాలితో మళ్లీ గజ్జె కడుతుంది. అయితే మన సినిమా వేదిక మీద గెలుపు కోసం ఎదురుచూస్తుంది. ఈ నవల చప్పట్ల కోసం ఆడిన పిల్ల చప్పట్లు అక్కర్లేని నాట్యం దాకా ఎలా వచ్చిందో చూస్తుంది. పైగా మొత్తం వచన కవిత్వం.

ఎక్కువ పేరు తెచ్చింది 2019లో వచ్చిన ‘ద బ్రిడ్జ్ హోమ్’. వాల్టర్ డీన్ మైయర్స్ అవార్డు, గోల్డెన్ కైట్ రెండూ దానికి వచ్చాయి. కొట్టే తండ్రి దగ్గర్నుంచి విజి తన అక్క రుక్కుతో పారిపోయి చెన్నై బస్సెక్కుతుంది. రుక్కు మనసు ఎదగని పిల్ల. పాడుబడ్డ వంతెన మీద అరుళ్, ముత్తు అనే ఇద్దరు కుర్రాళ్లు తోడవుతారు. అడయారు దగ్గరి విరిగిన వంతెన చూసినవాళ్లకు ఆ చోటు ఊహించుకోవడం కష్టం కాదు. నలుగురూ చెత్తకుప్పల్లో గాజు, ఇనుము ఏరి అమ్ముకుంటారు. రుక్కు పూసలు గుచ్చి దండలు చేస్తుంది. చేతకానిదని ఇల్లు తీర్మానించిన పిల్ల చేతి పని అమ్ముడుపోయి డబ్బులొచ్చే ఘట్టం చదవండి. రచయిత్రి జాలిని దరిదాపులకు రానివ్వలేదు. తర్వాత జబ్బు చేసి రుక్కు చనిపోతుంది. పుస్తకమంతా ఆ అక్కకు చెల్లెలు చెప్పుకుంటున్న కథ.

పన్నెండేళ్లవాళ్లకు ఇంత దుఃఖం ఎందుకని ఈమధ్య ఒక తల్లి నన్ను అడిగారు. అమ్మా, అభిమన్యుడు చచ్చిపోయేనాటికి పదహారేళ్లవాడే కదా! పద్మవ్యూహం కథ మన ఇళ్లల్లో పిల్లలకు అన్నం కలిపి పెడుతూ చెప్పారు. పిల్లలు అడిగింది ఒక్కటే, లోపలికి వెళ్లే దారి తెలిసినవాడికి బయటికి వచ్చే దారి ఎందుకు చెప్పలేదని. విజి కూడా ఇంచుమించు అదే అడుగుతుంది: అక్కను ఇంట్లోంచి తీసుకొచ్చి నేనే చంపుకున్నానా? పెద్దవాళ్లెవరూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చేతులు దులుపుకోరు. ఆ పిల్ల దానితోనే బతకడం నేర్చుకుంటుంది, బడికి వెళుతుంది, కోపం తెచ్చుకుంటుంది, మళ్లీ నవ్వుతుంది.

ఈ నవలని తెలుగులోకి తెచ్చే ప్రచురణకర్తలు ఈ సభలో ఉంటే, అట్ట మీద ‘బాలల కథ’ అని మాత్రం వేయకండి. పద్నాలుగేళ్లవాళ్లు ముట్టుకోరు.