అప్పు నా పేర - ఇల్లు ఎవరి పేర?

(పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అప్పుల గురించి మాట్లాడమన్నారు. నేను చదువుకున్నది ఏడో తరగతి. పుట్టిల్లు దేవరకొండ దిక్కు, అత్తగారిల్లు కల్వకుర్తి దిక్కు. ఇరవై ఏళ్ళకు పైగా సంఘం పుస్తకాలు రాశాను. అందుకని అప్పుల లెక్క నాకు తెలుసునని మీరనుకుని ఉంటారు. కొంత తెలుసు. అయితే ఆ పుస్తకంలో ఏం రాశానో చెప్పడం కంటే ఏం రాయలేదో చెప్పడమే ఇవాళ అవసరమని నాకు అనిపిస్తోంది.

మన రెండు జిల్లాలకూ అప్పు కొత్త కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో నల్లగొండ పల్లెల్లో దొరల గడీల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. మా అమ్మమ్మ ఆ సంగతులు చెప్పేది. పత్రాలు కాలాయి గానీ అప్పులు మళ్ళీ వచ్చాయి. పాలమూరులో అవి మేస్త్రీ అడ్వాన్సు రూపంలో వచ్చాయి. డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మట్టి తవ్వడానికి మా వాళ్ళు దేశమంతా తిరిగారు. అడ్వాన్సు ఇచ్చేది జంటకు. పని చేసేది ఇద్దరు. డబ్బు పుచ్చుకునేది మగవాడు, లెక్క రాసుకునేది మేస్త్రీ. మా అత్త అట్లా ముప్పై ఏళ్ళు తట్ట మోసింది. ఎంత అప్పుకు మోసిందో ఆమెకెవరూ ఎన్నడూ చెప్పలేదు. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పు చూపించి మనిషిని పనికి కట్టేస్తే ఆ అప్పు చెల్లదని అందులో రాసి ఉంది. ఆ మాట మా అత్త చెవిన పడేసరికి ఆమె నడుము వంగిపోయింది.

మా ఊళ్ళో సంఘం పెట్టుకున్నది 1997లో. అప్పటికి సారా వ్యతిరేక ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. పదిహేను మందిమి, రోజుకో రూపాయి చొప్పున నెలకు ముప్పై. ఆ ముప్పై రూపాయలు దాచుకోవడానికి ఇంట్లో ఎన్ని మాటలు పడ్డామో మీకు చెప్పనక్కర లేదు. బ్యాంకులో మా పేర పుస్తకం వచ్చిన రోజు అందరం కలిసి ఫోటో దిగాం. ఆ సంతోషం అబద్ధం కాదు. సంఘం లేకపోతే మాలో చాలామందికి బ్యాంకు గడప ఎట్లా ఉంటుందో తెలిసేది కాదు.

తర్వాత ఇల్లు వచ్చింది. 2006లో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది. 2008లో మాకు ఇల్లు మంజూరైంది. కాగితం మీద నా పేరు, నా ఫోటో. గూనపెంకుల ఇల్లు విప్పి పునాది తీశాం. బిల్లు పని అయినదాన్ని బట్టి దశలవారీగా వస్తుంది. అంటే ముందు మన డబ్బు పెట్టి కట్టాలి, తర్వాత బిల్లు కోసం తిరగాలి. వచ్చే బిల్లు కూడా మొత్తం ఖర్చుకు సరిపోదు. ఆ ఎడం పూడ్చడానికే అప్పులు మొదలయ్యాయి.

2009 ఉగాదికి ఒక రాత్రి కూచుని నోటుబుక్కులో అన్నీ రాశాను. షావుకారు దగ్గర 30,000, నూటికి మూడు రూపాయల వడ్డీ. సంఘం అప్పు 12,000, నూటికి రూపాయి. ఇల్లిల్లూ తిరిగి అప్పులిచ్చే కంపెనీలు రెండింట్లో పదేసి వేలు. నా కమ్మలు కుదువ పెట్టి తెచ్చినవి 5,000, రెండు రూపాయల వడ్డీ. మొత్తం 67,000. ఇంతమందికి కడుతూనే ‘ఇంటి కోసం’ అని నెలకు 500 చిట్టీ కూడా వేస్తున్నాను. నేను పొదుపరినని నాకు గర్వంగా ఉండేది.

లెక్క చూసుకుంటే ఆ గర్వం దిగిపోయింది. షావుకారుకు నెలకు 900 వడ్డీయే పోతోంది. ఎన్నేళ్ళు కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. సంఘంలో గట్టిగా అడిగి రూపాయి వడ్డీకి 30,000 తీసుకుని షావుకారు నోటు చింపించుకున్నాను. తర్వాత నెలనెలా అదే 900 సంఘంలో కట్టాను. మొదటి నెల 300 వడ్డీకి పోతే 600 అసలుకు పోయింది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గింది. 41 నెలల్లో, 2012 నవంబరుకల్లా మొత్తం తీరిపోయింది. నా కూలి ఒక్క రూపాయి పెరగలేదు. కట్టే చోటు మారింది, అంతే.

కంపెనీ అప్పు సంగతి వేరు. పదివేలిచ్చి యాభై వారాలు 225 చొప్పున కట్టమన్నారు. మొత్తం 11,250. ‘నూటికి పన్నెండున్నరే కదమ్మా’ అన్నారు. కానీ అసలు వారం వారం తగ్గుతూనే ఉంటుంది. ఏడాది పొడుగునా సగటున నా చేతిలో ఉన్నది ఐదువేలే. ఐదువేలకు 1,250 అంటే నూటికి పాతిక. అయినా షావుకారు తీసుకునే ముప్పై ఆరు కంటే ఇది తక్కువే, ఆ మాట దాచను. మమ్మల్ని చంపింది వడ్డీ కంటే వారం. ఆముదాలు, పత్తి ఏడాదికోసారి ఇంటికొస్తాయి. కిస్తు మాత్రం ప్రతి మంగళవారం వస్తుంది. ఒక కంపెనీ కిస్తుకు ఇంకో కంపెనీలో తెచ్చాం.

చిట్టీ ముగిశాక ఆ డబ్బుతో కమ్మలు విడిపించుకుని ఒక కంపెనీ అప్పు కట్టేశాను. అప్పులన్నీ తీరేదాకా కొత్త చిట్టీ వేయలేదు. సంఘం పొదుపు మాత్రం ఒక్క నెల ఆపలేదు. దాని మీద వచ్చే వడ్డీ కోసం కాదు. ఆపదొస్తే మళ్ళీ షావుకారు గడప తొక్కకుండా ఉండడానికి. మూడు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని ఇంటి కోసం వేరే దాచుకోవడం చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. ముందు చిల్లు మూయాలి. మీ సంఘాల్లో ఇది చెప్పండి.

ఇప్పటిదాకా చెప్పింది నేను కట్టిన అప్పు. నేను వసూలు చేసిన అప్పు గురించి కూడా చెప్పాలి.

2007లో మా సంఘంలో ఒకామె మూడు నెలలు కిస్తు కట్టలేకపోయింది. ఆమె పేరు చెప్పను. భర్త జ్వరంతో మంచాన పడ్డాడు. ఆమె ఒక్కతి కట్టకపోతే మా పదిహేను మందికీ తర్వాతి అప్పు రాదు. పొద్దున పోయి ఆమె గడప ముందు కూచున్నాం. మధ్యాహ్నం దాకా ఉన్నాం. పిల్లలు లోపల ఏడుస్తుంటే వినిపిస్తూనే ఉంది. చివరికి ఆమె ఇత్తడి బిందె తెచ్చి మా ముందు పెట్టింది. పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె. అమ్మితే 600 వచ్చాయి. నేనే పుస్తకంలో ‘వసూలు 600’ అని రాశాను. ఆ ఏడు మా సంఘానికి నూటికి నూరు వసూలని మెచ్చుకున్నారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాను.

పది రోజుల తర్వాత ఆమె రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి పిల్లలతో పుణే పోయింది. మట్టి గోడల ఇల్లు. చూసుకునే వాళ్ళు లేక రెండు వానాకాలాల్లో కూలిపోయింది. 2014లో ఎవరో చనిపోతే ఊరికి వచ్చింది. సొంత ఊళ్ళో బడి వరండాలో పడుకుంది. నేను పోయి మా ఇంటికి రమ్మన్నాను. రాలేదు. ‘నా బిందె ఉన్నదా అక్కా?’ అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మా పుస్తకంలో ఆమె బాకీ లేదు. అప్పు తీరిన మనిషి కింద లెక్క. ఇల్లు పోయిన సంగతి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు కిస్తుల ఒత్తిడికి ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారని వరసగా వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. ఇళ్ళ మీదికి వచ్చి వసూలు చేయకూడదని, వారం కిస్తు కాదు నెల కిస్తు ఉండాలని అన్నారు. మేమంతా సంతోషించాం. కానీ గడప ముందు కూచున్నది కంపెనీ మనిషి ఒక్కడే కాదని నాకు తెలుసు.

ఇక ఇల్లు. 2010లో మా మామ కాలం చేశాడు. అప్పుడు తెలిసింది: మంజూరు కాగితం నా పేర, ఇల్లు నిలబడ్డ జాగ మామ పేర. ఆ జాగలో అత్తకు, మా ఆయనకు, మరిదికి, ఆడబిడ్డకు హక్కు ఉంది గానీ నాకు లేదు. స్లాబు పడింది, కిటికీలు, దర్వాజలు లేవు. మా ఆయన ‘సంఘంలో ఇంకో ఇరవై వేలు తే’ అన్నాడు. ‘తెస్తా. అప్పు నా పేర ఉంటది. ఇల్లు ఎవరి పేర ఉంటది?’ అన్నాను. ఇంట్లో వారం రోజులు మాటలు లేవు. ఎనిమిదో రోజు మా అత్త అంది: ‘నేను ముప్పై ఏండ్లు తట్ట మోసిన. నా పేర ఒక గోడ లేదు. దాని పేర రాయిరా.’

ముందు ఆడబిడ్డను పిలిపించాం. ఆమె హక్కు మింగి నా హక్కు కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పశువుల కొట్టం జాగ ఆమె వంతుకు వచ్చింది. భాగపత్రం రాసుకున్నాక మా ఆయన తన వంతులో సగం నాకు దానపత్రం రాసి రిజిస్ట్రీ చేయించాడు. ఆ తర్వాతే కిటికీలకు అప్పు తెచ్చాను. నాకు తెలిసి మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం అదే. అప్పు తేవడానికి మన సంతకం కావాలి. ఆ సంతకం పెట్టే ముందే ఇంటి మాట అడగాలి. పెట్టాక అడిగితే ఎవరూ వినరు.

చట్టాల గురించి కొన్ని మాటలు. ఇంటి పన్ను రసీదు మీద పేరున్నంత మాత్రాన అది యాజమాన్యం కాదు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు మన పేర లేకపోయినా కాపురమున్న ఇంట్లో నుంచి చట్టప్రకారం తప్ప మనల్ని గెంటే హక్కు ఎవరికీ లేదు. 17వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. అయితే అది ఉండే హక్కు, సొంతమయ్యే హక్కు కాదు. ఈ తేడా ఆడవాళ్ళకు విడమరచి చెప్పండి.

2011 చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండకండి. రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఉన్న కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అట్లాంటి వాటికి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాలున్నాయి. ఏడాదికి మూడు లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబానికి ఇచ్చే ఈ అప్పులకు తాకట్టు అడగకూడదు. అన్ని అప్పుల కిస్తులూ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. వడ్డీ వివరాల కాగితం మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఈ ఐదు మాటలూ సంఘం గోడ మీద రాయించండి.

2024లో మళ్ళీ ఇందిరమ్మ ఇళ్ళు మొదలయ్యాయి. ఐదు లక్షలు, నాలుగు దశల్లో, ఆడవాళ్ళ పేర. మంచిదే. కానీ ఈసారి కూడా బేస్‌మెంటు అయితేనే మొదటి బిల్లు. అంటే మొదటి అప్పు ఎక్కడ పుడుతుందో మనకు ముందే తెలుసు. బేస్‌మెంటు ఖర్చు సంఘం నుంచి రూపాయి వడ్డీకి దొరికేట్టు చూడకపోతే మూడు రూపాయల వడ్డీ కాచుకుని ఉంటుంది. మంజూరు ఎవరి పేరనే కాదు, జాగ ఎవరి పేరనో పునాది తీయకముందే చూడాలి. నాలుగు వందల చదరపు అడుగులు చాలంటే నాలుగు వందలే కట్టుకోవాలి. పక్కింటి స్లాబు చూసి కట్టిన గదికి వడ్డీ మనమే కడతాం.

చివరగా ఒక కోరిక. మీ సంఘాల పుస్తకాల్లో రెండు గడులు కొత్తగా గీయండి. ఒకటి: బయటి అప్పు ఎంత, ఎంత వడ్డీకి? రెండు: ఉంటున్న ఇల్లు ఎవరి పేర? ఏడాదికోసారి అందరి ముందు ఆ రెండూ చదవండి. కిస్తు ఆగిన మనిషి గడప ముందు కూచోవడానికి కాదు, ఆమె వంట చూసుకోవడానికి, ఆమె మొగుణ్ణి దవాఖానకు తీసుకుపోవడానికి పోదాం. కిస్తును నెలా రెండు నెలలు వెనక్కి జరిపే తీర్మానం రాసుకుందాం. అది మన చేతిలోనే ఉంది.

మా సంఘం ఆ గడులు గీసుకుంది. ఆ బిందె బాకీ కూడా రాసుకుంది, మేము ఆమెకు పడిన బాకీ కింద. మూడేళ్ళు దాచి, ఆమె కూలిన ఇంటి జాగ కబ్జా కాకుండా చుట్టూ రాతి కడీలు పాతించాం. జాగ ఆమె పేరే ఉంది. బిందె కొని పుణే పంపాం. పుచ్చుకుంది. ఇంకా రాలేదు.

సెలవు.