సెల్ ఫోనూ, మన పిల్లల తెలుగూ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. కోనసీమలో మనలో చాలామంది బ్రతుకు ఇదే. 2022లో ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. సంతోషమే. కానీ ఆసుపత్రిలో బాధ చెప్పుకోవాలన్నా, సచివాలయంలో అర్జీ పెట్టుకోవాలన్నా తెలుగు రావాలి కదా!

చదువుకు యంత్రాల సాయం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు 'సైట్' అనే ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. వాటిలో తెలుగువీ ఉన్నాయి. ఆ పెట్టె చెప్పేది, జనం వినేవారు. నేటి సెల్ ఫోను మన మాట కూడా పట్టి, తిరిగి మనకే వినిపిస్తుంది.

అయితే దాని లోపం కూడా చెప్పాలి. మా తరగతిలో ఒక అమ్మాయి సెలవు చీటీని ఫోనుతో తర్జుమా చేయించి తెచ్చింది. "రేపు మనం పెళ్ళికి వెళ్తున్నాం" అని ఉంది. "నన్నూ తీసుకెళ్తావా అమ్మా?" అన్నాను. తెల్లబోయింది. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో వినేవారిని కలుపుకుంటే 'మనం', లేకపోతే 'మేము'. చీటీ ఎవరికో ఫోనుకేం తెలుసు?

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ముందు పిల్లలే సొంతంగా రాయాలి. తరువాత తమ గొంతు ఫోనులో పట్టి వినాలి. 'కళ్ళు' అనబోయి 'కల్లు' అంటే వాళ్ళ చెవికే దొరికిపోతుంది. నవ్వుకుంటూ దిద్దుకుంటారు. పదిమందిలో మాస్టారు తప్పు పట్టాడన్న సిగ్గు ఉండదు.

కొన్ని ఇళ్ళల్లో ఫోను ఒక్కటే. అది తండ్రి జేబులో పనికి పోతే పాఠమూ పోతుంది. ముఖ్యంగా ఆడపిల్లల చేతికి అది రానే రాదు. అందుచేత పెద్దలకు నా మనవి: సంఘం గదిలో రెండు ఫోన్లు ఉంచి, సాయంత్రం ఒక గంట పెద్దవారెవరైనా దగ్గర కూర్చోండి. ఇరుగుపొరుగు తెలుగు పెద్దలను అడిగి, వారి అనుమతితో కొబ్బరితోట కబుర్లో, గోదావరి వరద సంగతులో వారి గొంతులోనే పట్టి పిల్లలకు వినిపించండి.

ఫోను మాట వినిపిస్తుంది. 'మేము' ఎక్కడ, 'మనం' ఎక్కడ అన్నది మాత్రం మనుషుల మధ్యనే తెలుస్తుంది. మన పిల్లలు పొరుగువారి ముందు నిలబడి, జంకకుండా 'మనం' అనగలగాలి. ఇన్‌షా అల్లాహ్, అంటారు. సెలవు.